బ్రిగమ్ యంగ్‌ను కోర్టుకీడ్చిన ఆన్ ఎలైజా తర్వాత ఏమైంది? వెతికినవాళ్లు చెప్పండి

పాతపేపర్లపిచ్చి:
మూడు వారాలుగా నూరేళ్ల కిందట పోయిన ఒకావిడ వెనక పడ్డాను. అన్నం చల్లారిపోతోందని ఇంట్లో రోజూ తిట్లే. సంగతి తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. ఆన్ ఎలైజా వెబ్ 1844లో ఇలినాయ్ రాష్ట్రంలోని నావూలో ఒక మార్మన్ కుటుంబంలో పుట్టింది (మార్మన్లంటే అప్పట్లో బహుభార్యత్వం పాటించిన ఒక అమెరికన్ క్రైస్తవ శాఖ). తండ్రి బళ్లు తయారుచేసేవాడు, ఆయనకీ ఒకరికి మించి భార్యలు. మొదటి పెళ్లి జేమ్స్ డీ అనే అతనితో అయింది. ఇద్దరు కొడుకులు పుట్టాక 1865లో విడాకులు. 1868లో మార్మన్ల అధినేత బ్రిగమ్ యంగ్‌కి ఇచ్చి చేశారు. ఆయనకి 66 ఏళ్లు, ఈవిడకి 23. అయిదేళ్లకి ఆ ఇంట్లోంచి బయటపడి, ఆయన మీద విడాకుల దావా వేసి, బహుభార్యత్వం ఎలా ఉంటుందో చెబుతూ అమెరికా అంతా తిరిగింది.

ఇంతవరకూ ఎక్కడ చూసినా ఉంది. కానీ 1877లో యంగ్ చనిపోయాక ఈవిడ ఇంకో 40 ఏళ్లు బతికింది. ఆ 40 ఏళ్ల గురించి అడిగితే రెండు వాక్యాలు చెప్పి తలుపేసుకుంటున్నారు. బయటికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టి చూసినవాళ్లు, వచ్చాక మనిషి ఎలా బతికిందో అడగరా? ఇలాంటి వెతుకులాట చేసినవాళ్లు ఎక్కడ దొరికిందో, ఎక్కడ దారి మూసుకుపోయిందో రాయండి.

ఉప్పుసరస్సు:
నేనుండేది యూటాలో, మార్మన్ల ముఖ్యపట్టణం సాల్ట్‌లేక్ సిటీకి అరగంట దూరంలో. మా ఆవిడ ముత్తాతల ఓడ రికార్డేదో చూద్దామని డౌన్‌టౌన్‌లోని వంశచరిత్ర లైబ్రరీకి వెళ్లాను. అది మార్మన్ చర్చి వాళ్లదే, ఎవరైనా పోవచ్చు, పైసా అడగరు. చనిపోయిన పూర్వీకుల పేరున కూడా బాప్తిస్మం చేయించవచ్చన్నది వాళ్ల నమ్మకం, అందుకే ప్రపంచంలో దొరికిన కాగితమల్లా ఫిల్మ్ తీసి దాచారు. మన హరిద్వార్ పండాలు రాసుకునే వంశావళి చిట్టాలు, బహీలు కూడా వాళ్ల దగ్గరున్నాయంటే చూసుకోండి.

పనిలో పనిగా మీ ఆన్ ఎలైజా గురించి అడిగాను. అక్కడ సాయం చేసే పెద్దావిడ నా మొహం చూసి, 'ఏ ఇంటిపేరుతో వెతుకుతున్నావు బాబూ?' అంది. యంగ్ అన్నాను. ఆవిడ నవ్వేసింది. ఈవిడకి నాలుగు ఇంటిపేర్లు. పుట్టింటివాళ్లు వెబ్, తర్వాత డీ, తర్వాత యంగ్, ఆఖరికి డెనింగ్. ఉపన్యాసాల పోస్టర్ల మీద యంగ్ అనే వేసుకుంది, టికెట్లు అమ్ముడుపోయేది ఆ పేరుకే కదా. కాబట్టి పేపర్లలో ఒక పేరు, రికార్డుల్లో ఇంకో పేరు. ఇంకో తిప్పలేమిటంటే బ్రిగమ్ యంగ్ ఇంట్లో ఎలైజాలు చాలామంది. ఎలైజా స్నో ఉంది, ఎలైజా బర్జెస్ ఉంది. జనం తోచినట్టు అప్‌లోడ్ చేసిన వంశవృక్షాల్లో ఒకరి తేదీలు ఇంకొకరికి అంటుకుపోయాయి. నేను ఒక పూటంతా వేరే ఎలైజాని చదివి, సాయంత్రం తెలుసుకుని, పార్కింగ్ డబ్బులు తలుచుకుంటూ ఇంటికొచ్చాను.

ఒక్క మాట. చర్చి వదిలి, దాని మీద అంత యుద్ధం చేసిన మనిషి కాగితాలు ఆ చర్చి లైబ్రరీలోనే కూర్చుని చూడాల్సి రావడం నాకు వింతగా అనిపించింది. అక్కడివాళ్లు మాత్రం ఎక్కడా మొహం చిట్లించలేదు.

సందేహాలరాయుడు:
ఈవిడని 19వ భార్య అంటారు. తను రాసుకున్న పుస్తకానికీ అదే పేరు పెట్టుకుంది. కొందరు 27 అంటారు. ఇప్పటి పరిశోధకులు అందరినీ లెక్కేస్తే 50 దాటిన నంబరు వస్తుంది. భార్య అంటే ఎవరన్న దాని మీదే తేడా. ఒకే ఇంట్లో కాపురం చేసినవాళ్లా, పేరుకి చర్చిలో 'సీలింగ్' (పరలోకంలో కూడా చెల్లేలా ముడివేసే క్రతువు) అయినవాళ్లా? ఆ అంకె తేలకుండానే ఇంత కథా నడిచింది. నేననేది, ఈవిడ చెప్పిన ప్రతిదీ వేదం అనుకోకండి. ఉపన్యాసం ఆవిడకి కూడుపెట్టే పని. హాలు నిండాలి. మేజర్ జేమ్స్ పాండ్ అని మంచి మేనేజరుండేవాడు, ఎక్కడ ఏది చెబితే జనం వస్తారో ఆయనకి తెలుసు.

పాతపేపర్లపిచ్చి:
@సందేహాలరాయుడు ఒప్పుకుంటాను, కానీ కొంచెం ఆగండి. ఆవిడ రాసుకున్నదాంట్లో నన్ను కట్టిపడేసింది పెద్దపెద్ద ఆరోపణలు కాదు, వంట పొయ్యి. కొత్త పొయ్యి కావాలని అడిగితే యంగ్ కుదరదన్నాడట. ఊరంతా ఆయనదే, పొయ్యికి డబ్బుల్లేవు. ఇంట్లో అద్దెకి మనుషుల్ని పెట్టుకుని, వండిపెట్టి నెట్టుకొచ్చింది. 1873 వేసవిలో సామాన్లు వేలం వేయించి, వాకర్ హౌస్ అనే హోటల్లో దిగింది. మార్మన్లు కానివాళ్ల హోటల్ అది. ధైర్యం చెప్పింది ఒక మెథడిస్ట్ పాస్టరు దంపతులు. నవంబరులో రాత్రికి రాత్రి ఊరు దాటి రైలెక్కింది. కథలు కల్పించేవాళ్లకి పొయ్యి తట్టదండీ.

కోర్టుపక్షి:
దావా సంగతి వచ్చింది కాబట్టి నేను ఊరుకోలేను, వృత్తి అది. తర్వాతి జీవితం అర్థం కావాలంటే కేసు ఎలా ముగిసిందో తెలియాలి. ఆవిడ వాదన: ఆయన ఆస్తి 80 లక్షల డాలర్లు, నెల రాబడి 40,000, నాకు భరణం కావాలి. ఆయన జవాబు: నా ఆస్తి 6 లక్షలకి మించదు, నెలకి 6,000 కూడా దాటదు. అంతవరకూ మన ఫ్యామిలీ కోర్టుల్లో రోజూ చూసేదే, సున్నాలే తేడా.

అసలు మెలిక తర్వాతుంది. నాకు 1834లోనే ఒహాయోలో మేరీ ఆన్ ఏంజెల్‌తో చట్టప్రకారం పెళ్లయింది కాబట్టి ఈమె నాకు భార్యే కాదు అన్నాడు. బహుభార్యత్వం దేవుడిచ్చిన ఆజ్ఞ అని జీవితమంతా బోధించిన మనిషి, కోర్టులో మాత్రం ఆ పెళ్లి పెళ్లే కాదని ప్రమాణపత్రం ఇచ్చాడు! ఇక అటుపక్క జడ్జి మెకీన్ మార్మన్లకి బద్ధవిరోధి. 1875 ఫిబ్రవరిలో నెలకి 500 డాలర్లు భరణం, 3,000 లాయరు ఖర్చులు కట్టమన్నాడు. భరణం ఇమ్మంటే భార్య అని ఒప్పుకున్నట్టే, అంటే ఆ జడ్జి తను అసహ్యించుకునే పద్ధతికి తనే చట్టబద్ధత ఇచ్చినట్టే. రెండువైపులా తలకిందులు. యంగ్ కట్టలేదు. మార్చిలో 25 డాలర్ల జరిమానా వేసి ఒక రాత్రి జైల్లో పెట్టారు. ఆ తర్వాత రోజుల్లోనే ప్రెసిడెంట్ గ్రాంట్ ఆ జడ్జిని తీసేశాడు.

1877లో చివరి తీర్పు: పెళ్లే చెల్లదు, భరణం లేదు. ఖర్చులు మాత్రం యంగ్ భరించాలి. అదే ఏడాది ఆగస్టులో ఆయన పోయాడు. సారాంశం ఏమిటంటే ఈవిడ చేతికి ఆస్తీ రాలేదు, మాజీ భార్య అన్న చట్టపు హోదా కూడా రాలేదు. ఇద్దరు కొడుకులు. ఉపన్యాసాలే గతి. 1883 దాకా ఎందుకు తిరిగిందని అడిగేవాళ్లకి ఇదీ జవాబు.

ఉప్పుసరస్సు:
@కోర్టుపక్షి గారూ, ఇరవయ్యేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నాను, ఈ మెలిక నాకు ఇప్పుడు అర్థమైంది. దండాలు.

అమ్మమ్మఇంటిపేరు:
నేను మార్మన్ చరిత్ర మనిషిని కాదు. మా అమ్మమ్మ వాళ్ల అమ్మ పుట్టింటి ఊరు కనుక్కోవడానికి నాలుగేళ్లు పట్టింది, ఆ అనుభవంతో చెప్తున్నాను. పెళ్లయ్యాక ఆడమనిషి పేరు కాగితాల్లోంచి జారిపోతుంది. అప్పుడు ఆవిడని వెతకడం మానేసి ఆవిడ చుట్టూ ఉన్న మగవాళ్లని వెతకాలి. చిరాకేసే మాటే, కానీ పనిచేస్తుంది. మాకు దొరికింది కూడా తమ్ముడి పొలం దస్తావేజులో సాక్షి సంతకం వల్ల. ఆన్ ఎలైజా విషయంలో కొడుకుల్ని పట్టుకోండి, వాళ్ల ఇంటిపేరు డీ, అది మారలేదు.

ఇంకొకటి. 1883లో ఆవిడ మిషిగన్ రాష్ట్రం మనిస్టీ ఊరి డబ్బున్న ఆసామి మోజెస్ డెనింగ్‌ని పెళ్లాడింది, 1893లో విడిపోయారు. అమెరికా జనాభా లెక్కలు పదేళ్లకోసారి కదా. 1880లో ఆవిడకి ఇంకా ఆ పెళ్లి కాలేదు. 1900కి విడిపోయారు. మధ్యలో 1890 లెక్కలుండాలి. అవి 1921లో వాషింగ్టన్‌లో మంటల్లో దాదాపు మొత్తం పోయాయి. అంటే పదేళ్ల కాపురం మొత్తం సరిగ్గా ఆ గుంటలో పడింది! నేను కనిపెట్టినప్పుడు టీ కప్పు కింద పెట్టేశాను. మిషిగన్ రాష్ట్రం 1884లో, 1894లో సొంతంగా లెక్కలు తీసింది, వాటిలో కొన్ని కౌంటీలవే మిగిలాయి. చూడదగ్గవి అవి, ఊరి పేపర్లు, కౌంటీ కోర్టు విడాకుల ఫైళ్లు.

సందేహాలరాయుడు:
ఆ డెనింగ్ ఈవిడని కలిసేనాటికి పెళ్లయినవాడు. మొదటి భార్యకి విడాకులిచ్చి ఈవిడని చేసుకున్నాడు. ఒక మగాడి మీద ఇద్దరు ఆడవాళ్లు అన్న బాధ గురించే పదేళ్లు ఉపన్యాసాలిచ్చిన మనిషి. ఊరికే గుర్తు చేస్తున్నాను.

అమ్మమ్మఇంటిపేరు:
@సందేహాలరాయుడు అన్నా, ఊరికే ఏం గుర్తు చెయ్యలేదు, పొడిచావు. ఆవిడ సాధ్విగా ఉంటేనే కథ వింటామా? చిన్నప్పుడు చేసిన పెళ్లి ఒకటి, అధినేత అడిగితే కాదనలేక చేసుకున్నది ఒకటి. తనంతట తను ఎంచుకున్నది ఈ మూడోదే. అదీ నిలవలేదు. నాకు జాలే వేసింది.

సందేహాలరాయుడు:
సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. సగం.

కోర్టుపక్షి:
1883లో ఉపన్యాసాలు ఆపేయడానికి పెళ్లి ఒక్కటే కారణం కాదని నా అంచనా. గిరాకీ కూడా తగ్గుతోంది. 1874లో వాషింగ్టన్‌లో ఆవిడ మాట్లాడిన ఏడాదే పోలండ్ చట్టం వచ్చింది, యూటాలో ఇలాంటి కేసులు ఫెడరల్ కోర్టుల చేతికి పోయాయి. 1879లో రేనాల్డ్స్ కేసులో సుప్రీంకోర్టు, మతం పేరు చెప్పినా బహుభార్యత్వం నేరమేనని తేల్చేసింది. 1882లో బహుభార్యత్వం మీద ఎడ్మండ్స్ చట్టం. 1890లో చర్చే మానిఫెస్టో ఇచ్చి కొత్త బహువివాహాలు వద్దంది. ఆవిడ అడిగిందంతా జరుగుతూ వచ్చింది, జరిగేకొద్దీ ఆవిడతో పని లేకుండా పోయింది.

ఉప్పుసరస్సు:
దీనికి ఒక చిన్న తోక. ఈ రోజు ఇక్కడి నా ఆఫీసులో సగం మంది ఆ చర్చివాళ్లే. బహుభార్యత్వం చేస్తే వాళ్లు చర్చి నుంచి వెలివేస్తారు. ఇంకా ఆ పద్ధతి పాటించేవి విడిపోయిన వేరే గుంపులు. రెండూ కలిపేసి మాట్లాడితే మా పక్క సీటాయన చిన్నబుచ్చుకుంటాడు, సబబే.

పాతపేపర్లపిచ్చి:
1908 విషయం ఎవరూ ఎత్తలేదు. పాతికేళ్ల మౌనం తర్వాత, 60లు దాటాక, పాత పుస్తకాన్ని తిరగరాసి మళ్లీ అచ్చు వేయించింది. ఎందుకు అప్పుడే? 1904 నుంచి 1907 దాకా రీడ్ స్మూట్ అనే మార్మన్ సెనేటర్ని సభలో ఉండనివ్వాలా వద్దా అని సెనేట్ విచారణ జరిగింది. పేపర్ల నిండా మళ్లీ మార్మన్లే. డబ్బు అవసరమో, ఇంకా కోపం చల్లారలేదో, రెండూనో. పుస్తకం పెద్దగా కదల్లేదు. దాంతో కథలు రాసేవాళ్లంతా 'ఆ తర్వాత ఆవిడ మాయమైపోయింది' అని ముగిస్తారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. మాయమవడం ఏమిటండీ? ముసలావిడ ఎక్కడో ఒకచోట కూరగాయలు కొనుక్కునే ఉంటుంది కదా. మనం చూడ్డం మానేశాం, అంతే.

నెవాడానాని:
ఆలస్యంగా వచ్చాను, షిఫ్టులో ఉన్నా. నేను నెవాడా రాష్ట్రంలో రీనో పక్కన స్పార్క్స్‌లో ఉంటాను. మీరు వెతుకుతున్న ఆన్ ఎలైజా చనిపోయింది మా ఊళ్లోనే! 1917 డిసెంబరు, 73 ఏళ్లు. ఇక్కడికొచ్చి ఆరేళ్లయింది, ఈ థ్రెడ్ చూసేదాకా నాకు తెలీదు.

ఊరు గురించి తెలిసింది చెప్తాను. స్పార్క్స్ అప్పటికి పుట్టి పదమూడేళ్లే. సదరన్ పసిఫిక్ రైల్వే వాళ్లు తమ వర్క్‌షాపులు వాడ్స్‌వర్త్ నుంచి ఇక్కడికి మార్చడంతో 1904 ప్రాంతంలో లేచిన ఊరు. రైల్వే ఫోర్‌మన్లు, ఫైర్‌మన్లు, వాళ్ల ఇళ్లు. అందరూ ఎక్కడినుంచో వచ్చినవాళ్లే, కాబట్టి ఎవరూ ఎవర్నీ గుచ్చి అడిగుండరు. నాలుగు మైళ్ల అవతల రీనో, అప్పటికే విడాకుల ఊరని దేశమంతా పేరు. ఆరు నెలలు ఉంటే చాలు, కోర్టులో పని అయిపోయేది. 1873లో విడాకుల కోసం దేశాన్ని కుదిపేసిన మనిషి చివరికి ఇక్కడ ఉందంటే నాకైతే నవ్వూ వచ్చింది, ఇంకేదో కూడా వచ్చింది.

వెతికేవాళ్లకి పనికొచ్చే ముక్క: నెవాడాలో రాష్ట్రం మొత్తానికి మరణాల నమోదు 1911లో మొదలైంది. ఆవిడ ఇంకో ఏడెనిమిదేళ్ల ముందు పోయుంటే ఆ కాగితం కూడా దొరికేది కాదేమో.

అమ్మమ్మఇంటిపేరు:
@నెవాడానాని ఏ ఇంటిపేరుతో పూడ్చారో చూడగలవా తమ్ముడూ? నాకు అదొక్కటే కావాలి. వెబ్బా, డీనా, యంగా, డెనింగా?

ఉప్పుసరస్సు:
స్మశానం ఆఫీసుకి ముందు ఫోన్ చెయ్యి. పుట్టిన ఏడాదితో సహా అడుగు, పేరు ఒక్కటే చెబితే నాకైన గతే పడుతుంది. ఆఫీసు రిజిస్టరు వేరు, రాయి మీద ఉన్నది వేరు. రెండూ ఫోటో తీయి.

నెవాడానాని:
రీనోలో మౌంటెన్ వ్యూ స్మశానం, మా ఇంటి నుంచి పది నిమిషాలు. ఆదివారం ఆఫీసు మూసుంటుంది, నాకు సెలవు మంగళవారం. నాలుగు ఇంటిపేర్లూ చీటీ మీద రాసి పెట్టుకున్నాను. మా అమ్మ ఇండియా నుంచి వచ్చి ఉంది. ఎక్కడికిరా అంటే చెప్పాను. ముందు విచిత్రంగా చూసింది, తర్వాత నేనూ వస్తా, పూలు కొందాం అంది.