చిన్న వయసు అల్జీమర్స్: ఈ జన్యు పరీక్ష ఎక్కడ చేస్తారు?

మాది మిర్యాలగూడ. అమ్మకు 53 ఏళ్లు. రెండేళ్లుగా మతిమరుపు పెరుగుతోంది. పోయిన బతుకమ్మకు తంగేడు పూలు ముందు పోసుకుని, ఎలా పేర్చాలో తోచక నా ముఖం చూసింది. అమ్మ తండ్రికీ, మా మేనమామకూ యాభై దాటగానే ఇలాగే మొదలైంది.

ఎమ్మారై, థైరాయిడ్, బీ12 అన్నీ చేయించాం. న్యూరాలజిస్టు అల్జీమర్స్ అన్నారు. ఒక ల్యాబులో ఏపీఓఈ జన్యు పరీక్షలో 3/3 (అంటే రెండు కాపీలూ మామూలు రకమే) వచ్చింది, భయం లేదన్నారు. కానీ ఆ జన్యువులోని ఏపీఓఈ-4 అనే రకం ముప్పు పెంచేది మాత్రమే. వంశపారంపర్యంగా చిన్న వయసులో వచ్చే రకానికి కారణమయ్యేవి వేరు: ఏపీపీ, ప్రిసెనిలిన్-1, ప్రిసెనిలిన్-2. వాటిలో లోపముంటే ఒక్కో బిడ్డకు సంక్రమించే అవకాశం 50 శాతం. అవి అక్కడ చేయరట.

హైదరాబాద్‌లో ఈ మూడు జన్యువులనూ పరీక్షించి, ముందే జెనెటిక్ కౌన్సెలింగ్ (పరీక్ష చేయించుకోవాలా, ఫలితం వస్తే ఏమిటో వివరించే సలహా) కూడా ఇచ్చే చోటు ఎవరికైనా తెలుసా?