హెబ్రీ 6:9లోని ఓదార్పు దాని ముందున్న హెచ్చరికను కొట్టేస్తుందా?

బెరయ_పాఠకుడు:
అందరికీ వందనాలు. బైబిల్ కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక 6:4-8 చదివితే వణుకు పుడుతుంది. ఒకసారి వెలిగింపబడి, పరలోక వరాన్ని రుచి చూసి విశ్వాసం నుంచి తప్పిపోయినవాళ్ళను మళ్ళీ మారుమనస్సులోకి తేవడం అసాధ్యమట. వెంటనే 9వ వచనంలో స్వరం మారిపోతుంది: ప్రియులారా, ఇలా మాట్లాడుతున్నా, మీ విషయంలో ఇంతకంటే మంచిదే నమ్ముతున్నాం అంటాడు పత్రిక రాసినాయన. వాళ్ళకు జరగదని నమ్మినప్పుడు అంత భయపెట్టడం దేనికి? నా ఉద్దేశంలో 9వ వచనంతో ఆ హెచ్చరిక పక్కకు పోయినట్టే.

సండేస్కూల్_టీచర్:
పోలేదు బ్రదర్. 11, 12 వచనాలు కూడా చదవండి. ఓదార్చిన నోటితోనే, చివరిదాకా ఇదే ఆసక్తి చూపండి, మందకొడిగా మారవద్దు అంటున్నాడు. ప్రమాదమే లేకపోతే ఆ మాట ఎందుకు?

ఆయన నమ్మకానికి ఆధారమేంటో చూడండి. వాళ్ళ జ్ఞానమైతే కాదు. ఈపాటికి బోధకులు కావాల్సినవాళ్ళు ఇంకా పాలు తాగుతున్నారని 5వ అధ్యాయంలోనే మందలించాడు. 6:10లో మాత్రం, మీరు పరిశుద్ధులకు, అంటే తోటి విశ్వాసులకు, ఉపచారం చేశారు, ఇంకా చేస్తున్నారు, దాన్ని మరచిపోవడానికి దేవుడు అన్యాయస్థుడు కాడు అంటాడు. వాళ్ళ ప్రేమ ఎలాంటిదో 10:34లో తెలుస్తుంది. ఖైదులో ఉన్నవాళ్ళ బాధను పంచుకున్నారు, తమ ఆస్తి దోచుకుపోతుంటే సంతోషంగా ఓర్చుకున్నారు. వాక్యం వినడంలో వెనకబడ్డా, జైల్లో ఉన్న సహోదరులను వదిలేయలేదు. అంత దగ్గరగా తెలిసినవాళ్ళు కాబట్టే అంత గట్టిగా మాట్లాడాడు.

ఈ భాగం బోధిస్తూ 8వ వచనం దగ్గర ఆపేస్తే నాకు చాలా బాధేస్తుంది. ముళ్ళు, గచ్చతీగెలు మొలిచే నేలను చివరికి కాల్చేస్తారన్న పోలిక వరకు చెప్పి ముగింపు ప్రార్థన చేసేస్తారు. అప్పటికే తన రక్షణ గురించి అనుమానంతో కుమిలిపోతున్న మనిషి ఇంకా టెన్షన్‌తో ఇంటికి వెళ్తాడు. అతనికి అందాల్సిన మాట తర్వాతి వచనంలోనే ఉంది కదా!

కీర్తన_119:
అలాగైతే మనకు రక్షణ ఉందన్న నిశ్చయత మన సేవ మీద ఆధారపడినట్టే కదా అక్కా? సేవ మానేసినవాడి సంగతేంటి?

సండేస్కూల్_టీచర్:
సేవ గుర్తు మాత్రమే తమ్ముడూ. పునాది 13వ వచనం నుంచి మొదలవుతుంది. అబ్రాహాముకు వాగ్దానం చేసినప్పుడు దేవుడు తన తోడని ప్రమాణం చేశాడు. మన నిరీక్షణ అనే లంగరు తెరలోపల, అంటే దేవుని సన్నిధిలో ఉంది, మన చేతిలో కాదు. సేవ మానేసినవాడిని తీర్పు తీర్చడానికి తొందరపడను. వెళ్ళి పలకరిస్తాను, హెచ్చరిక, ఓదార్పు రెండు భాగాలూ చదివి వినిపిస్తాను.

బెరయ_పాఠకుడు:
11, 12 గురించి మీరన్నది న్యాయమే అక్కా. కానీ 4, 5 వచనాల్లోని వాళ్ళు నిజంగా రక్షణ పొందినవాళ్ళేనా? క్రైస్తవ బోధకుల్లో కాల్విన్ బాటలో నడిచేవాళ్ళు కాదంటారు, వెస్లీ బాటలో నడిచేవాళ్ళు అవునంటారు. అది తేలకుండా ఈ ఓదార్పు ఎవరికి చెందుతుందో ఎలా చెప్పగలం?

సండేస్కూల్_టీచర్:
ఆ ఉత్తరం అందుకున్నవాళ్ళకు అది తేలేదాకా ఆగమని ఆయన చెప్పలేదు బ్రదర్. పట్టు వదలవద్దన్నాడు. 10:26-31లో మళ్ళీ అంత భయంకరంగా హెచ్చరించి, 39లో 'మనం వెనుకతీసేవాళ్ళం కాదు' అంటూ తననూ వాళ్ళతో కలుపుకున్నాడు.