రీసైకిల్డ్ ప్లాస్టిక్ బెంచీల మీద పేరు నిలవడం లేదు, ఏం చేస్తే బాగుంటుంది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది కాకినాడ దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. మేం చదువుకున్న హైస్కూలుకి పూర్వ విద్యార్థులమంతా కలిసి బెంచీలు ఇచ్చాం. సిమెంటువి కాకుండా, పాత ప్లాస్టిక్ కరిగించి చెక్క పలకల్లా పోసినవి తీసుకున్నాం. చెద పట్టదు, వానకి కుళ్లదు, ఏటా రంగు వేయక్కర్లేదు. వీపు ఆనించే పలక మీద మా లెక్కల మాస్టారి పేరు, కింద 'జ్ఞాపకార్థం' అని పెయింటర్ చేత ఎనామిల్‌తో రాయించాం. ఎండాకాలం దాటేసరికి పెయింట్ పొరలు లేచిపోయింది. గోటితో గీకితే ఒత్తులు, గుడులు ఊడి చేతిలోకి వస్తున్నాయి. మాస్టారి పేరు సగం ఊడిపోయి కనిపిస్తుంటే మనసుకి చాలా కష్టంగా ఉంది. మళ్లీ రాయించాలా, స్టిక్కర్ వేయించాలా, స్టీలు ప్లేటు పెట్టాలా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

జవాబు (సైన్‌బోర్డుల పనిలో ఉన్నాను)

మీ పెయింటర్‌ తప్పేమీ లేదండీ. ఇలాంటి పలకలు ఎక్కువగా పాలీఎథిలీన్‌తో చేస్తారు. నూనె డబ్బాలు, షాంపూ సీసాలు, కవర్లు చాలావరకు ఆ జాతివే. దాని మీద మామూలుగా ఏదీ అంటుకోదు. పలక మీద నాలుగు నీటి చుక్కలు వేసి చూడండి, నూనె రాసిన పెనం మీద పడ్డట్టు ముత్యాల్లా నిలబడతాయి. నీళ్లే పరుచుకోని చోట పెయింట్ ఏం పట్టుకుంటుంది? అందుకే అంటించే ఆలోచన వదిలేయండి. అక్షరాన్ని లోపలికి చెక్కాలి, లేదా బోల్టుతో బిగించాలి.

ముందు అది ఏ ప్లాస్టికో తేల్చుకోండి. కనపడని అడుగు వైపు నుంచి చాకుతో సన్నటి తురుము తీసి, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపిన నీళ్లలో ముంచి వదలండి. పాలీఎథిలీన్, పాలీప్రొపిలీన్ తేలతాయి. పీవీసీ మునుగుతుంది. రంపపు పొట్టు కలిపి చేసిన పలకలు కూడా చాలావరకు మునుగుతాయి. పలక మధ్యభాగం స్పాంజిలా బుడగలు బుడగలుగా ఉంటే అక్కడి ముక్క ఏ ప్లాస్టిక్ అయినా తేలుతుంది, కాబట్టి గట్టిగా ఉన్న పైపొర నుంచే తీయండి.

మునిగితే లేజర్‌తో చెక్కించే జోలికి అస్సలు పోకండి. పీవీసీని లేజర్‌తో కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకీ మెషీన్‌కీ చేటు. తేలినా సరే, పాలీఎథిలీన్‌ మీద లేజర్ పెడితే అంచులు కరిగి, ఒత్తులు పూడుకుపోతాయి. దీనికి సీఎన్‌సీ రౌటరే (కంప్యూటర్ నడిపే, తిరిగే మొనతో చెక్కే మెషీన్) సరైనది.

జవాబు

అన్నా, ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టి పైన పెయింట్ వేస్తే సరిపోదా? మా కారు బంపర్‌కి అలాగే వేశారు, ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

జవాబు (సైన్‌బోర్డులు)

కారు బంపర్లు ఎక్కువగా పాలీప్రొపిలీన్ రకం తమ్ముడూ. ఆ ప్రైమర్లు దానికోసమే తయారైనవి, పాలీఎథిలీన్‌ మీద వాటిని నమ్మలేం. పైగా బంపర్‌కి ఎవరూ రోజూ వీపు ఆనించి రుద్దరు కదా.

పెయింట్ పట్టించే పద్ధతి ఒకటుంది. గ్యాస్ టార్చ్ నీలి మంట కొనను పలక మీద ఆగకుండా చకచకా నడిపిస్తే పైపొర మారుతుంది, తర్వాత నీళ్లు వేస్తే ముత్యాల్లా కాకుండా పొరలా పరుచుకుంటాయి. వెంటనే రంగు వేసేయాలి. ఫ్యాక్టరీల్లో ప్లాస్టిక్ డబ్బాల మీద ప్రింట్ చేసే ముందు ఇలాగే చేస్తారు. కానీ చేయి ఒక్క క్షణం ఆగితే పలక కరిగి గుంట పడుతుంది. అలవాటు లేనివాళ్ల చేత స్కూల్లో చేయించకండి.

ప్రశ్న వేసినవారు

తురుము తేలింది సార్. కాల్చి చూస్తే కొవ్వొత్తి ఆర్పినప్పటి వాసన వచ్చింది. మా ఊళ్లో కమ్మరి ఉన్నాడు, ఇనుప అచ్చు కాల్చి ముద్ర వేస్తానంటున్నాడు. రౌటర్ కన్నా అది తేలికేమో?

జవాబు (సైన్‌బోర్డులు)

ఆ వాసన ఎక్కువగా పాలీఎథిలీన్‌దే. కాల్చిన ముద్ర మాత్రం వద్దండీ. ఈ ప్లాస్టిక్ 130 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, ఎర్రగా కాలిన ఇనుము అంతకు ఎన్నో రెట్లు వేడి. ముద్ర తీసేటప్పుడు ప్లాస్టిక్ తీగల్లా సాగుతుంది, అంచుల్లో కుప్ప కడుతుంది. ఇంగ్లిష్ పెద్దక్షరాలైతే ఎలాగో గట్టెక్కొచ్చు, 'జ్ఞాపకార్థం' అంత చిక్కటి మాట ముద్దయిపోతుంది. పాత ప్లాస్టిక్‌లో ఏమేం కలిశాయో తెలియదు, ఆ పొగ కూడా మంచిది కాదు.

రౌటర్ పని ఇలా చేయించండి. వీపు పలకను బోల్టులు విప్పి ఊడదీసి పట్టుకెళ్లండి, బెంచీ మొత్తం మోసుకెళ్లక్కర్లేదు. ప్లాస్టిక్ కోసే ఒక అంచు బిట్ (కోసే మొన), అదీ పదునైనది వాడమనండి. బిట్ ఒకేచోట తిరుగుతూ ఉంటే వేడెక్కి ప్లాస్టిక్ దానికే చుట్టుకుంటుంది. చురుగ్గా ముందుకి కదిలితే తురుము చుట్టలు చుట్టలుగా తెగి పడుతుంది. పొడి రాలకుండా చుట్టలు పడుతుంటే పని సరిగ్గా జరుగుతున్నట్టే. లోతు 3 మిల్లీమీటర్లు, అక్షరం ఎత్తు 50కి తగ్గకుండా చూడండి. అంచుల్లో నూగులా లేస్తే పదునైన చాకుతో గీకి తీయాలి. ఉప్పుకాగితం రుద్దితే నూగు ఇంకా పెరుగుతుంది. ఆ తురుమంతా ఊడ్చి సంచిలో వేయించండి, గాలికి సముద్రంలోకి పోతే చేపల కడుపులోకే చేరుతుంది.

బెంచీ రంగేమిటి? చెక్కిన అక్షరం నీడ వల్లే కనిపిస్తుంది. పలక నలుపైతే ఆ నీడ కూడా కనపడదు.

ప్రశ్న వేసినవారు

ముదురు గోధుమ రంగు సార్, దాదాపు నలుపే. అంటే చెక్కినా దూరం నుంచి కనిపించదన్నమాట. మాస్టారి పేరు గేటు దగ్గర నుంచే కనిపించాలని మా అందరి కోరిక.

జవాబు (ఫ్యాబ్రికేషన్ పని)

అలాంటప్పుడు ప్లేటుకి వెళ్లండి. రెండు దారులున్నాయి.

ఒకటి, చెక్కించిన స్టెయిన్‌లెస్ స్టీలు ప్లేటు. మీది సముద్రపు గాలి కాబట్టి మామూలు 304 గ్రేడ్ మీద గోధుమ మరకలు వస్తాయి, 316 అడగండి. స్క్రూలు, వాషర్లు కూడా అదే గ్రేడ్‌లో తీసుకోండి. బిగించేటప్పుడు ఒక్క విషయం మర్చిపోకండి. ప్లాస్టిక్ ఎండకి స్టీలు కన్నా చాలా రెట్లు ఎక్కువ సాగుతుంది. మీటరున్నర పలక, చలికాలం తెల్లవారుజాముకీ మే నెల మిట్టమధ్యాహ్నానికీ మధ్య ఆరేడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. నాలుగు మూలలా గట్టిగా బిగిస్తే ప్లేటు వంగడమో, రంధ్రాలు చీలడమో జరుగుతుంది. మధ్యలో ఒక బోల్టు గట్టిగా బిగించి, రెండు చివర్లా రంధ్రాలు అడ్డంగా పొడవుగా కోయించండి, అక్కడ జరగడానికి చోటుండాలి. బోల్టు పలక గుండా వెనక్కి వచ్చి, నైలాన్ రింగున్న నట్టుతో బిగిస్తే ఊడదు. ఇత్తడి ప్లేటు వద్దు, దొంగలకి దాని మీదే కన్ను.

రెండోది నాకు ఇంకా నచ్చేది. చిన్నపిల్లల ఆటస్థలాల్లో వాడే రెండు రంగుల హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలీఎథిలీన్) షీటు దొరుకుతుంది, పైన ఒక రంగు, లోపల ఇంకో రంగు. పైపొర తెగేదాకా రౌటర్‌తో చెక్కితే లోపలి తెలుపు అక్షరాలై బయటపడుతుంది. అది పెయింట్ కాదు కాబట్టి ఊడేదేమీ ఉండదు. బెంచీదీ అదే జాతి ప్లాస్టిక్ కనుక రెండూ దాదాపు ఒకేలా సాగుతాయి. బయట వాడే రకమేనా, ఎండకి తట్టుకునే మందు కలిపారా అని మాత్రం అడిగి కొనండి.

జవాబు (డీటీపీ చేస్తాను)

అక్షరాల సంగతి నేను చెప్తానండీ. మీరు ఫోన్‌లో టైప్ చేసి పంపేది యూనికోడ్. చాలా షాపుల్లో ఇప్పటికీ యూనికోడ్ కాని పాత పద్ధతి అను ఫాంట్లే వాడతారు, అందులో నేరుగా పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి. డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్ కోరల్ డ్రా పాత వెర్షన్లలో యూనికోడ్ ఫాంట్ పెట్టినా ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. 'జ్ఞ', 'ర్థ' రెండూ మీ మాటలో ఉన్నాయి, జాగ్రత్త. సన్నటి గీతలున్న ఫాంట్ వద్దు, రామభద్ర లాంటి లావుపాటిది తీసుకోండి. అక్షరాలను కర్వ్స్‌గా (ఫాంట్ అక్కర్లేని గీతల బొమ్మగా) మార్చాకే ఫైలు సీఎన్‌సీ వాళ్లకి ఇవ్వమనండి. అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీసి, మాస్టారింట్లో వాళ్లకి చూపించి, పేరు, ఇంటిపేరు, సంవత్సరాలు వాళ్లు సరే అన్నాకే మెషీన్ ఎక్కించండి.

ప్రశ్న వేసినవారు

అందరికీ చాలా చాలా థాంక్సండీ. రెండు రంగుల షీటుకే మావాళ్లంతా ఒప్పుకున్నారు. ఒక్క చిన్న సందేహం, పాత ఎనామిల్ మిగిలిన చోట ఏం చేయాలి?

జవాబు (సైన్‌బోర్డులు)

థిన్నర్ పోయకండి. గట్టి ప్లాస్టిక్ గీకుడు పట్టీతో లాగితే చాలావరకు వచ్చేస్తుంది. మిగిలినది వేడినీళ్లు, సబ్బు, నైలాన్ బ్రష్‌తో తోమండి.