అప్‌డేట్: జిప్సీయా, డీజిల్ జీపా? తేల్చుకున్నాను

పాడేరు దగ్గర మా కాఫీ తోట దారికి పాత మారుతి జిప్సీ కింగ్ కొనాలా, మహీంద్రా డీజిల్ జీపు కొనాలా అని పోయిన నెల అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. చివరికి జీపే తీసుకున్నాను, 2523 సీసీ డీఐ (డీజిల్‌ను నేరుగా సిలిండర్లోకి చిమ్మే) ఇంజిన్‌ది.

జిప్సీ నచ్చక కాదు. 1298 సీసీ, 16 వాల్వుల ఎంపీఎఫ్‌ఐ (ఫ్యూయెల్ ఇంజెక్షన్ ఉన్న) పెట్రోల్ బండి నడిపి చూశాను. ఎంత తేలిగ్గా ఎక్కేసిందో! ఇప్పటికీ మనసు లాగుతూనే ఉంది. దాని ఇంజిన్ పాత మారుతి ఎస్టీమ్ కారు ఇంజిన్‌కి దగ్గర చుట్టమే, కానీ ఎస్టీమ్‌లే రోడ్ల మీద కరువయ్యాయి, ఇక విడిభాగాల మీద ధైర్యం చాల్లేదు. డీఐ అలా కాదు. పాత బొలెరోల్లో, 2010లో వచ్చిన థార్ డీఐలో అదే ఇంజిన్ కాబట్టి ఫిల్టర్లు, గాస్కెట్లు, ఇంజెక్టర్లు దొరుకుతున్నాయి. మా మెకానిక్‌కి చేయి తిరిగిన పని. పైగా బస్తాలేసుకుని బురదలో నెమ్మదిగా ఎక్కాలంటే తక్కువ ఆర్‌పీఎమ్‌లో లాగే డీజిలే నయం.

మీలో ఒకరు చెప్పినట్టు ఛాసిస్ (బండి అడుగు ఫ్రేమ్) కిందికి దూరి టార్చి వేసి చూశాను. మొదట చూసిన బండిని తుప్పు వల్లే వదిలేశాను. ఆ మాట నా డబ్బు కాపాడింది. 15 ఏళ్లు దాటిన బండి కాబట్టి ఆర్‌సీ రెన్యూవల్ తేదీ చూశాకే అడ్వాన్సు ఇచ్చాను.