చేపను చంపకుండా ఈస్ట్రోజన్ ప్రభావం తేల్చేదెలా?

ఏటిగట్టు (ప్రశ్న):
మురుగునీటి శుద్ధి కేంద్రం నీళ్లు ఏట్లో కలిసే చోటుకు దిగువన, అంతరించిపోయే జాబితాలో ఉన్న ఒక చిన్న చేప ఉంది. పొడవు 8–10 సెం.మీ., బరువు పది గ్రాముల లోపే. వలలో మగవి బాగా తక్కువ పడుతున్నాయి. గర్భనిరోధక మాత్రల్లో ఉండే కృత్రిమ ఈస్ట్రోజన్ (ఆడ హార్మోన్) ఇథినైల్ ఈస్ట్రడయోల్ కోసం నీళ్లు పరీక్షిస్తే ‘కనబడలేదు’ అని రిపోర్టు వచ్చింది. ల్యాబు గుర్తింపు పరిమితి లీటరుకు 5 నానోగ్రాములు. చేపను కోసి వృషణాలు చూడటానికి అనుమతి లేదు. వేరే దారి ఏముంది?

ప్లాస్మా:
ముందు ఆ రిపోర్టు పక్కన పెట్టండి. కెనడాలో, ఒంటారియోలోని ఎక్స్‌పెరిమెంటల్ లేక్స్ ఏరియాలో 260వ నంబరు సరస్సులో 2001 నుంచి 2003 దాకా వేసవుల్లో ఇదే హార్మోన్‌ను లీటరుకు 5–6 నానోగ్రాముల స్థాయిలో ఉంచారు. ఫ్యాట్‌హెడ్ మిన్నో చేపలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అంటే చేపలు నాశనమయ్యే స్థాయి దగ్గర గానీ మీ ల్యాబు కళ్లు తెరవదు. గుడ్డు నుంచి పెద్దయ్యేదాకా ఆ నీళ్లలోనే పెరిగే చేపకు 1 నానోగ్రాము లోపు కూడా చాలు, ఫలదీకరణ పడిపోతుంది.

చూడాల్సింది విటెల్లోజెనిన్. గుడ్డు సొనకు ముడిసరుకైన ఈ ప్రొటీన్‌ను ఈస్ట్రోజన్ ఆదేశిస్తే కాలేయం తయారుచేస్తుంది. మగ చేపలో ఇది లేనట్టే ఉండాలి. ఉందంటే బయటి ఈస్ట్రోజన్ తగిలినట్టే. ఆడ చేపల్లో సహజంగానే ఉంటుంది కాబట్టి వాటి అంకెలతో ఇక్కడ పని లేదు. గుడ్లు పెట్టే కాలంలో పొట్టను మెల్లగా వేలితో ఒత్తితే తెల్లటి పాలు (వీర్యం) వచ్చినవే, అంటే మగవే, తీసుకోండి.

పది గ్రాముల చేపలో మొత్తం రక్తమే అర మి.లీ. ఉంటే గొప్ప. అందులో పదో వంతు దాటి తీయకూడదు, అంటే 50 మైక్రోలీటర్లు. అంత చిన్న చేప తోక సిరలో సూది గుచ్చడం కన్నా చర్మం మీది జిగురు తీసుకోవడం క్షేమం. జిగురులో ప్రొటీన్ రక్తంలో కంటే చాలా తక్కువ, కాబట్టి స్వల్ప ప్రభావం కనబడకపోవచ్చు.

చేపకు మత్తిచ్చే ఎంఎస్-222 మందు కలిపితే నీళ్లు ఆమ్లంగా మారతాయి, సోడియం బైకార్బొనేట్ కలిపి సరిచేయండి. మొప్పలకు, మలద్వారానికి దూరంగా పక్క భాగం మీద స్వాబ్ (దూది పుల్ల) తిప్పండి. ప్రొటీన్ విరగకుండా ఆపే అప్రోటినిన్ కలిపిన బఫర్ ద్రావణంలో వేసి వెంటనే ఐసులో పెట్టండి. అది లేకపోతే దారిలోనే ప్రొటీన్ ముక్కలైపోయి, ఉన్నదీ లేనట్టు చూపిస్తుంది. ఆ తర్వాత మైనస్ 80 డిగ్రీల్లో, చిన్న చిన్న గొట్టాల్లో విడదీసి. కరిగించి మళ్లీ గడ్డకట్టిస్తే శాంపిల్ పోయినట్టే. ఆడవాటినీ మగవాటినీ ఒకే బకెట్లో వేయకండి, గుడ్ల ద్రవం అంటుకుంటే మగవాటి ఫలితం చెడుతుంది.

విటెల్లోజెనిన్‌ను యాంటీబాడీతో పట్టి కొలిచే ఎలైజా కిట్ వేరే జాతి చేపకు తయారైనదైతే, దాని యాంటీబాడీ మీ జాతికి పట్టకపోవచ్చు. శాంపిల్‌ను వరసగా పలచన చేస్తూ పోతే దాని గీత స్టాండర్డ్ (తెలిసిన మోతాదుల) గీతకు సమాంతరంగా రావాలి. రాకపోతే ఆ అంకెలు నమ్మొద్దు.

జలపరీక్ష:
నీళ్ల విషయం. బాటిల్‌తో ఒక్కసారి ముంచితే ఆ నిమిషం సంగతే తెలుస్తుంది. నీళ్లలోని రసాయనాలను రోజుల తరబడి పీల్చి పోగుచేసుకునే పోసిస్ అనే పాసివ్ శాంప్లర్‌ను నెల రోజులు నీళ్లలో ఉంచండి, ఏట్లో నీళ్లు బాగా తగ్గిన కాలంలో. శాంపిల్‌కు ముదురు గాజు సీసాలే, మిథనాల్‌తో కడిగి. కొన్ని డిటర్జెంట్ల నుంచి నోనైల్‌ఫినాల్, కొన్ని ప్లాస్టిక్‌ల నుంచి బిస్‌ఫినాల్ వస్తాయి, రెండూ ఈస్ట్రోజన్ లాగే పనిచేస్తాయి. అందుకే ఏటి నీళ్లకు బదులు శుద్ధమైన నీళ్లతో ఖాళీ శాంపిల్ ఒకటి తప్పనిసరి.

ఏటిగట్టు:
ఈస్ట్ కణాలతో మొత్తం ఈస్ట్రోజన్ శక్తి కొలిస్తే చాలదా?

జలపరీక్ష:
ఏ శాంపిళ్లను లోతుగా చూడాలో ముందుగా ఏరుకోవడానికి పనికొస్తుంది. కానీ ఈస్ట్ పరీక్షలో ఇథినైల్ ఈస్ట్రడయోల్, సహజ ఈస్ట్రడయోల్ దాదాపు సమానంగా కనబడతాయి. చేప ఒంట్లో మొదటిది ఎన్నో రెట్లు బలమైనది, త్వరగా విరగదు. పైగా శాంపిల్‌లో ఈస్ట్‌ను చంపేవి ఉంటే ఫలితం సున్నా. తెలిసిన మోతాదు ఈస్ట్రడయోల్ కలిపి, అది తిరిగి కనబడుతోందో లేదో చూసుకోండి.

వలకన్ను:
మగవి తక్కువ పడ్డాయంటే మగవి తక్కువున్నాయని కాదు. గూడు కాపలా కాసే జాతైతే అవి వలలోకే రావు. ఎగువన అదే వల, అదే గంట, అదే కాలంలో వేసి పోల్చండి.

నిజంగానే తక్కువైతే లెక్క భయపెడుతుంది. ప్రభావిత సంఖ్య (జన్యుపరంగా ఎన్ని చేపలతో సమానమో చెప్పే అంకె) అంటే 4 × మగవి × ఆడవి ÷ మొత్తం. 50 చేపల్లో చెరి సగం ఉంటే 50. పది మగవి, నలభై ఆడవి అయితే 32.

కారణం తేల్చాలంటే దగ్గరి బంధువైన సాధారణ జాతి మగ చేపలను బోనుల్లో ఎగువన, దిగువన 21 రోజులు పెట్టండి. కోసి చూడాల్సిందేదైనా వాటిలో చూడండి. విటెల్లోజెనిన్ నీళ్లు మెరుగయ్యాక వారాల్లో తగ్గుతుంది. పిల్లగా లింగం రూపుదిద్దుకునే దశలో తగిలితే మాత్రం వీర్యనాళం ఉండాల్సిన చోట అండనాళం ఏర్పడి, చాలావరకు అలాగే మిగిలిపోతుంది. అందుకే పిల్లలు పెరిగే చోటు దిగువనే ఉందా అన్నది ముందు చూసుకోండి, బోనుల స్థలం దాన్నిబట్టే.