నది బాటలో లకుముకి పిట్ట బైనాక్యులర్‌కి చిక్కట్లేదు

ఏటిగట్టు: పార్కులో నది వెంబడి కాలిబాట. సన్నగా ఈల వినిపిస్తుంది, నీలం మెరుపొకటి నీళ్ల మీదుగా దూసుకుపోతుంది, బైనాక్యులర్ ఎత్తేసరికి ఏమీ ఉండదు. నాది 10×50 (10 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం వెడల్పు 50 మి.మీ.). కుడి కంటికి ఎప్పుడూ మసకే. ఇంకోటి, తెల్లకొంగలన్నీ నాకు ఒక్కలాగే ఉన్నాయి. ఎలా గుర్తుపట్టాలి?

అద్దాలబ్బాయి: ఒక్క కంటికే మసకంటే డయాప్టర్ (రెండు కళ్ల చూపులో తేడాని సరిచేసే రింగు) సర్దలేదు. కాస్త దూరంలో అక్షరాలున్న బోర్డు చూసుకోండి. కుడి గొట్టం ముందు చెయ్యి అడ్డం పెట్టి, మధ్య చక్రంతో ఎడమ కంటికి స్పష్టం చేయండి. ఇప్పుడు ఎడమ వైపు మూసి, చక్రం ముట్టుకోకుండా కుడి కంటి దగ్గరి రింగు మాత్రమే తిప్పండి. రింగు మీది గుర్తు ఎక్కడుందో చూసిపెట్టుకోండి, సంచిలో అదే కదిలిపోతుంటుంది. కళ్లజోడుంటే ఐకప్పులు (కళ్లకి ఆనే కప్పులు) లోపలికి, లేకపోతే బయటికి.

పిట్ట మీంచి చూపు తీయకుండా బైనాక్యులర్‌నే కళ్ల దగ్గరికి తేవాలి. కిందికి చూసి ఎత్తితే పోయినట్టే. 10 రెట్లలో చేతి వణుకూ 10 రెట్లే, మోచేతులు పక్కటెముకలకి ఆనించండి. కొత్తగా కొనేవాళ్లకి నేనైతే 8×42 చెప్తాను, కానీ దీన్ని అమ్మేయక్కర్లేదు.

గట్టుమీది_మౌని: అసలు తప్పు నడవడంలో ఉంది. లకుముకి పిట్ట పదేపదే అవే కొమ్మల మీద వాలుతుంది. నీళ్లపైకి వంగిన కొమ్మ, దాని కింద రాయి మీద తెల్లటి రెట్ట చారలు కనిపిస్తే అదే చోటు. ఎండ మీ వీపున పడేలా పాతిక మీటర్ల అవతల కూర్చోండి. అరగంట కదలొద్దు. ఈల ముందొస్తుంది, పిట్ట తర్వాత. కింది ముక్కు ఎర్రగా ఉంటే ఆడది, మొత్తం నల్లగా ఉంటే మగది. గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, నలుపు తెలుపుల్లో ఉంటే అది వేరే జాతి లకుముకి.

ముక్కున చేప ఎలా ఉందో చూడండి. తాను తినాలంటే చేప తల లోపలికి తిప్పి మింగుతుంది. చేప తల బయటివైపుకుంటే అది పిల్లకో జంటకో. చేప పట్టుకుని మింగకుండా కొమ్మ మీదే తల ఎగరేస్తూ అరుస్తోందంటే, గట్టులోని దాని బొరియకి మీరు అడ్డమున్నారు. వెంటనే వెనక్కి జరగండి.

ఏటిగట్టు: ఫోన్‌లో దాని కూత వినిపిస్తే దగ్గరికి రాదా?

గట్టుమీది_మౌని: రావచ్చు, పోటీ పిట్ట వచ్చిందనుకుని. గూళ్ల కాలంలో అస్సలొద్దు.

కొంగజపం: కొంగలకి కాళ్లు చూడండి. నల్ల ముక్కు, నల్ల కాళ్లు, పసుపు వేళ్లు ఉంటే చిన్న తెల్లకొంగ. నీళ్లలో వేళ్లు కనబడవు, అడుగు ఎత్తేదాకా ఆగాలి. పెద్దదానికి వేళ్లూ నలుపే, నోటి చీలిక గీత కంటి వెనక్కి పోతుంది. మధ్యరకానికి ఆ గీత కంటి కిందే ఆగుతుంది. పొట్టి మెడ, పసుపు ముక్కుతో పచ్చిక మీద పశువుల వెంట తిరిగేది పశువుల కొంగ. ముక్కు రంగొక్కటే నమ్మకండి, జతకట్టే కాలంలో పెద్దకొంగ పసుపు ముక్కు నల్లబడుతుంది.