విల్లీస్ జీపు రీబిల్డ్: చైనే ఉంచాలా, గేర్లకు మార్చాలా?

కర్నూలు జీపు:
నాది 1944 విల్లీస్ ఎంబీ, యుద్ధకాలపు మిలటరీ జీపు. ఇంజిన్ పూర్తిగా విప్పించాను, బ్లాక్ బోరింగ్‌కి వెళ్ళింది. లోపల క్రాంక్ షాఫ్టు నుంచి క్యామ్ షాఫ్టుని (వాల్వులు తెరిచేది) తిప్పే టైమింగ్ చైన్ బాగా వదులైంది, వేలితో నొక్కితే లోపలికి పోతోంది. మా మెకానిక్ "చైన్ తీసేద్దాం సార్, పాత మహీంద్రా జీపు గేర్లు వేస్తే మళ్ళీ ఇటువైపు చూడక్కర్లేదు" అంటున్నాడు. మీరైతే ఏం చేస్తారు?

ఘాట్‌రోడ్:
గేర్లే, అన్నా. విల్లీస్ వాళ్ళే 1946లో తమ సివిలియన్ జీపు సీజే-2ఏ తయారవుతుండగానే చైన్ వదిలేసి గేర్లకు మారారు. ఈ ఇంజిన్‌లో చైన్‌ని బిగించి ఉంచే టెన్షనర్ లేదు. చైన్ సాగేకొద్దీ క్యామ్ వెనకబడుతుంది. డిస్ట్రిబ్యూటర్ కూడా క్యామ్ నుంచే తిరుగుతుంది కాబట్టి స్పార్క్ కూడా ఆలస్యమవుతుంది. ఉన్నదే 60 హార్స్‌పవర్, అందులోనూ తగ్గితే ఎత్తు ఎలా ఎక్కుతుంది?

షెడ్డు పెద్దాయన:
కాస్త ఆగండి. రెండు గేర్లు తెచ్చి బిగిస్తే అయిపోయే పని కాదిది. చైన్ ఉంటే క్రాంకూ క్యామూ ఒకే వైపు తిరుగుతాయి. గేరుకు గేరు తగిలితే క్యామ్ ఎదురు తిరుగుతుంది. పాత క్యామ్ అలాగే ఉంచితే వాల్వులు తెరుచుకునే వరసే తప్పుతుంది, కాబట్టి క్యామ్ మార్చాల్సిందే. ఆయిల్ పంప్ క్యామ్ మీదే నడుస్తుంది, డిస్ట్రిబ్యూటర్ దాని షాఫ్ట్‌తో తిరుగుతుంది. అంచేత పంప్ కూడా గేర్ ఇంజిన్‌దే కావాలి. పాత క్యామ్ ముందుకీ వెనక్కీ కదలకుండా ముందు భాగంలో స్ప్రింగు, ప్లంజరు ఉంటాయి. గేర్ క్యామ్‌కైతే ఆ పని చేసేది థ్రస్ట్ ప్లేటు, అది వేరే తెచ్చుకోవాలి. గేర్లకు ఆయిల్ చిమ్మే జెట్ ఉన్న ఫ్రంట్ ప్లేటు కూడా తెచ్చుకోవాలి. ఇందులో ఏ ఒక్కటి మరిచినా ఇంజిన్ మళ్ళీ విప్పాలి. మెకానిక్ ఈ లిస్టు మొత్తం చెప్పాడా? చెప్పకపోతే పని మొదలుపెట్టనివ్వకండి.

నా మాట ఒక్కటే: మీ బ్లాక్ చైన్ ఇంజిన్‌దైతే కొత్త చైన్, అది తిరిగే పళ్ళ చక్రాలు, అంటే స్ప్రాకెట్లు, రెండూ కొత్తవి వేయండి. అరిగిన స్ప్రాకెట్ మీద కొత్త చైన్ వేయడం డబ్బు పారేయడమే.

ఘాట్‌రోడ్:
పెద్దాయనా, మీరు చెప్పిన సామాను అంతా ఒక పాత గేర్ ఇంజిన్ కొంటే సెట్టుగా వచ్చేస్తుంది. మన దగ్గర అవి ఇంకా దొరుకుతున్నాయి. చైన్‌కి అయితే బయటి దేశం పార్సిల్ కోసం కూర్చోవాలి.

షెడ్డు పెద్దాయన:
సెట్టు మొత్తం దొరికితే నాకు అభ్యంతరం లేదు. అయితే ఆ పాత ఇంజిన్‌లో క్యామ్ గేర్ ఫైబర్‌దేమో చూడండి. నడిచినప్పుడు చప్పుడు లేకుండా నడుస్తుంది, పాతబడితే చెప్పకుండా పళ్ళు రాలతాయి. ఆ ముక్కలు కింద ఆయిల్ ఛాంబర్‌లో పడి ఆయిల్ పంప్ జాలీకి అడ్డం పడతాయి. నేను ప్రాణం పోయినా పాత ఫైబర్ గేర్ మళ్ళీ వేయను. అల్యూమినియం గేర్ కొంచెం కూత పెడుతుంది, పెట్టనివ్వండి.

చైన్ సాగితే ముందే తెలుస్తుంది: కవర్ దగ్గర చప్పుడు, స్పార్క్ సమయం చూసే టైమింగ్ లైటు కింద గుర్తు ఊగడం. ఒక్క నిశ్చింత, ఇది సైడ్ వాల్వ్ ఇంజిన్. వాల్వులు సిలిండర్ పక్కన బ్లాక్‌లోనే ఉంటాయి. చైన్ తెగినా గేరు పళ్ళు పోయినా పిస్టన్ వాల్వుకి తగలదు. బండి ఆగుతుందంతే, ఇంజిన్ పోదు.

కర్నూలు జీపు:
లిస్టు మెకానిక్‌కి చూపించాను. ఆయిల్ పంప్ సంగతి ఆయన అనుకోలేదట. పాత క్యామ్ కొలిపిస్తున్నాను, లోబ్‌లు (వాల్వుల్ని ఎత్తే ఉబ్బులు) బాగుంటే చైన్, స్ప్రాకెట్లకే ఆర్డర్ పెడతాను.

ఘాట్‌రోడ్:
లోబ్‌లు అరిగి ఉంటే? ఎలాగూ కొత్త క్యామ్ కొనాలి కదా, అప్పుడు గేర్ క్యామే కొనండి. ఆ ఒక్క విషయంలో నేను వెనక్కి తగ్గను.